ముసలమ్మ తాగిందా?

దీవి, టవర్ పనివాళ్ళ షెడ్డు
పడవ దిగిన మర్నాడు

అన్నయ్యకి,

క్షేమంగా చేరాను. దార్లో కడుపులో ఉన్నదంతా సముద్రానికి అప్పజెప్పాను కాబట్టి చాలా తేలిగ్గా చేరానని కూడా చెప్పొచ్చు. మా షెడ్డు తగరపు రేకులతో కట్టారు. గాలి వీస్తే ఎవరో గిన్నెలు తోముతున్నట్టు ఒకటే మోత. ఇక్కడ ఫోన్లు పలకవు. అవి పలకటానికి కావలసిన టవరే మేం కడుతున్నాం. అది లేచేదాకా వారానికోసారి వచ్చే పడవే మనకి దిక్కు. నేను ఇనుప కమ్మీలు అతికించుకుంటూ ఎంత తొందరగా పైకెక్కితే నీ గొంతు అంత తొందరగా వింటానన్నమాట.

ఇక అసలు సంగతి, నా చిట్టితల్లి పిచ్చుక. దాన్ని నీ గుమ్మంలో దించి వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయానని వదిన అనుకుని ఉంటుంది. తిరిగి చూస్తే వెళ్ళేదాన్ని కాదు. దాని నాన్న పోయాక నాకు దొరికిన మొదటి మంచి పని ఇది. వదులుకునే ధైర్యం లేక వచ్చాను.

నీకు తెలిసిందే అయినా మళ్ళీ రాస్తున్నాను. పాలు, పెరుగు, వెన్న, జున్ను, పాలపొడి, ఇవేవీ దాని నోటికి తగలకూడదు. పాలల్లో ముంచిన చెంచాని కడక్కుండా దాని గిన్నెలో పెట్టినా చాలు. పోయినేడు ఎవరింట్లోనో సగం బిస్కట్టు కొరికింది. పెదాలు ఉబ్బి, ఊపిరాడక, నా చేతుల్లోనే నీలంగా అయిపోయింది. జనం 'ఓ చుక్క పడితే ఏమవుతుందిలే' అంటారు. చచ్చిపోతుంది అన్నయ్యా. అదే అవుతుంది. మీది పాలతో బన్నులు చేసే కొట్టు. అయినా నీ దగ్గరే వదిలానంటే, ఈ లోకంలో నిన్ను తప్ప ఇంకెవర్నీ నమ్మను కాబట్టి.

మిగతా పూటలు మీరు తినేదే తింటుంది. పొద్దుటి పూటే గొడవ. కొబ్బరిపాలలో ఓట్స్ ఉడికించి అరటిపండు చిదిమి కలిపితే తింటుంది. ఉడికించిన చిలగడదుంప మీద తేనె చుక్క వేస్తే తింటుంది. ఆపిల్ ముక్కలు దాల్చినచెక్కతో మెత్తగా ఉడికించి పెట్టు. జావ మాత్రం ముక్కు మూసుకుని తాగుతుంది, బతిమాలాలి.

తొడలో గుచ్చే సూదిమందు వదినకి ఇచ్చాను. బట్టలు కుట్టే మనిషి కదా, సూదంటే భయపడదు.

చెల్లి


బేకరీ, పొయ్యి పక్క బల్ల

నిప్పుకోడికి,

నిప్పురవ్వల మధ్య కూర్చుని ఇనుము అతికే ఆడదాన్ని ఇంకేమని పిలవమంటావు?

నీ ఉత్తరం మీ వదిన నాచేత పైకి చదివించుకుని, అందులో తన సూది గురించి రాసిన ముక్క దగ్గర మురిసిపోయింది. ఆ మందు ఇప్పుడు దాని కుట్టుమిషను సొరుగులో ఉంది. కత్తెర ముట్టుకుంటేనే ఊరుకోదు, ఇక దాన్ని ముట్టుకుంటే ఊరుకుంటుందా.

నీ మేనిఫెస్టో ప్రకారం అన్నీ చేసి పెట్టాం. ఓట్స్ రెండు రోజులు తింది, మూడో రోజు గిన్నె తల మీద బోర్లించుకుంది. చిలగడదుంప పక్కింటి కుక్కకి పెట్టింది. ఆపిల్ బాగుందని చెప్పి బల్ల కింద దాచింది. ఇంతలా ఏడిపించటం ఎవరి దగ్గర నేర్చిందో నాకు తెలుసు, నీకూ తెలుసు.

చివరికి నేనే నా విద్య బయటికి తీశాను. దానికోసం వేరే రొట్టె. తెల్లవారి పొయ్యి వెలిగించగానే, బన్నుల పిండి బల్ల మీదికి రాకముందే, అదే మొదటి రొట్టె. పిండి, నీళ్ళు, ఉప్పు. అంతే. దాని రేకు వేరు, దాని గుడ్డ వేరు, దాని చాకుకి ఎర్రదారం కట్టాను. బల్లని సబ్బుతో కడిగి, వేడినీళ్ళతో కడిగి, మళ్ళీ వాసన చూస్తాను. మీ వదిన 'పెళ్ళిచూపులప్పుడు కూడా ఇంత శుభ్రంగా లేవు' అంటోంది. రొట్టె మాత్రం పిచ్చుక ఇష్టంగా తింటోంది, అంచు ముక్కలకి పోట్లాడుతోంది.

ముసలమ్మ గురించి ఒక్క ముక్కా అడగలేదేం? నాన్న మొదలుపెట్టిన పులిసిన పిండి, మనిద్దరికంటే వయసులో పెద్దది, అదే జాడీలో అలాగే బుసబుసా పొంగుతోంది. మన కొట్లో ఏ రొట్టె లేచినా ఆవిడ చలవే కదా, పిచ్చుక రొట్టెలో కూడా ఓ గుప్పెడు ఆవిడే. పొద్దున్నే ముసలమ్మకి గిన్నెడు పాలు పోయందే నేను కాఫీ ముట్టను. నాన్న పెట్టిన అలవాటు. పిచ్చుకని మాత్రం ఆ దరిదాపులకి రానివ్వను. అది దూరంగా స్టూలెక్కి నిలబడి, 'మావయ్యా, ముసలమ్మ తాగిందా?' అని అడుగుతుంది. తాగిందని చెప్తేనే దిగుతుంది.

నువ్వు నిశ్చింతగా ఉండు.

అన్నయ్య


దీవి, షెడ్డు

అన్నయ్యకి,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని టవరెక్కాను. పైన కూర్చుని మళ్ళీ చదివాను. నవ్వుతుంటే కింద మేస్త్రీ 'గాలి మీద నవ్వితే పడిపోతావు' అని అరిచాడు.

పిచ్చుక రొట్టె తింటోందంటే నాకు ఎంత తేలిగ్గా ఉందో చెప్పలేను. ఎర్రదారం చాకు గురించి ఇక్కడ అందరికీ చెప్పాను. ముసలమ్మ స్టూలు మీద నేనూ నిలబడ్డాను కదా చిన్నప్పుడు. నాన్న 'ముసలమ్మ తాగిందా?' అని నన్నడిగేవాడు. మన ఇంట్లో పిల్లలకంటే ముందు ఆవిడే తాగేది. నా ముద్దులు చెప్పు ఆవిడకి.

రొట్టె ఒక్కటే అయితే విసుగు పుడుతుంది. పైన రాయటానికి మాగిన అరటిపండు, ఖర్జూరం కలిపి రుబ్బి పెట్టుకో. పళ్ళ ముక్కలు ఎండలో ఎండబెట్టి చూడు.

ఇక్కడి వంటమనిషి గట్టి రొట్టెలు చేసి మా పళ్ళు ఊడగొడుతున్నాడు. ముసలమ్మని కొంచెం ఎండబెట్టి పొట్లంలో పంపించు, ఇక్కడ బతికిస్తాను.

చెల్లి


బేకరీ, పొయ్యి పక్క బల్ల

నిప్పుకోడికి,

ఇక్కడ అంతా బాగున్నాం. చలి మొదలైంది. బన్నులు బాగా అమ్ముడుపోతున్నాయి.

పిచ్చుక మెడ మీద కొంచెం ఎర్రగా పేలింది. చెమటకాయలే. పొద్దస్తమానం పొయ్యి దగ్గరే తచ్చాడుతుంది, ఆ వేడికి పేలకేం చేస్తుంది? సబ్బు మార్చాం. కొంచెం దగ్గు కూడా ఉంది. డాక్టరుకి చూపించాను. ఏం తింటోందని అడిగాడు. రొట్టె గురించి చెప్పాను, పిండి, నీళ్ళు, ఉప్పు అని. అంతకంటే సాదా తిండి ఉండదన్నాడు. దగ్గుకి మందిచ్చాడు. నువ్వు భయపడతావని ఇదంతా రాయొద్దనుకున్నాను, కానీ దాచానంటే తర్వాత నా వీపు విమానం మోత మోగిస్తావు.

ముసలమ్మకి చలి పడటం లేదు. పొంగటానికి బద్ధకిస్తోంది. పాలు కాస్త ఎక్కువ పోస్తున్నాను. పొట్లానికి ఎండబెడుతున్నాను, వచ్చే పడవకి పంపుతాను.

అన్నయ్య

(అమ్మాయీ, నేను వదినని. మీ అన్నయ్య కవరు అంటించేలోపు ఈ చీటీ పెడుతున్నాను. చెమటకాయలంటున్నారు గానీ అవి పొద్దున ఫలహారం తర్వాతే వస్తున్నాయి, మధ్యాహ్నానికి తగ్గుతున్నాయి. ఈ వారంలో రెండుసార్లు వాంతి చేసుకుంది. నాకు మనసు కుదుటగా లేదు. ఏం చెయ్యమంటావో రాయి.)


దీవి, షెడ్డు

అన్నయ్యకి,

వదిన చీటీ చదివాక పెట్టిన అతుకు వంకరపోయింది. ఆ రోజు నన్ను పైకెక్కనివ్వలేదు.

చెమటకాయలు కాదు. నాకు తెలుసు అవేమిటో. ఎక్కణ్ణించో పాలు దాని నోట్లోకి వెళ్తున్నాయి. ఎవరు పెడుతున్నారు? నువ్వు పెట్టవు. నీ రొట్టెలో లేవు. అయితే ఇంకెవరు? వదిన దగ్గరికి బట్టలు కుట్టించుకోవటానికి పదిమంది వస్తారు, చాక్లెట్లు తెస్తారు. వదిన టీ తాగిన కప్పు ఎక్కడ పెడుతుంది? ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. కావాలని చేశారని నేను అనటం లేదు. కానీ ఎక్కడో ఒకచోట చేయి జారుతోంది, అది నీ చేయి కాదు. ఇంతకంటే మెత్తగా రాయటం నాకు రావటం లేదు, క్షమించు.

ఇవాళ్టి నుంచి బయటి వస్తువేదీ వద్దు. పళ్ళు వద్దు, ఓట్స్ వద్దు, ఖర్జూరం వద్దు, ఏ డబ్బాలో ఏం కలిసిందో మనకేం తెలుసు. పొద్దున్నే నీ రొట్టె ఒక్కటే పెట్టు. నీ చేత్తో పెట్టు.

దగ్గుతో గొంతు నొప్పెడుతూ ఉంటే గట్టి రొట్టె మింగలేకపోతుందేమో. అలాంటప్పుడు నాన్న మనకి చేసి పెట్టేవాడు చూడు, అలా చెయ్యి. ముసలమ్మ జాడీలోంచి నేరుగా రెండు గరిటెలు తీసి, అరటిపండు చిదిమి కలిపి, పెనం మీద పలచగా పొయ్యి. రెండు నిమిషాల్లో తీసెయ్యి, మధ్యలో మెత్తగా ఉండాలి. మనకి జ్వరమొస్తే అదే మందు. పిచ్చుక పుట్టినరోజు కూడా వస్తోంది. ఆ రోజు పొద్దున అదే చేసి పెట్టు, అమ్మ పంపిందని చెప్పు.

చెల్లి


బేకరీ, పొయ్యి పక్క బల్ల

చెల్లాయికి,

నీ ఉత్తరం నేను పైకి చదవకూడదనుకున్నాను. మీ వదిన లాక్కుని చదువుకుంది. కుట్టుమిషను తీసుకెళ్ళి వసారాలో పెట్టుకుంది. వచ్చినవాళ్ళని గుమ్మం దాటి లోపలికి రానివ్వటం లేదు. టీ మానేసింది. పదిహేనేళ్ళుగా ఈ మనిషి నోరు మూయించాలని చూస్తున్నాను, ఇలా మూతపడితే మాత్రం ఇల్లు ఇల్లులా లేదు.

నువ్వు చెప్పినట్టే చేస్తున్నాం. పళ్ళు లేవు, ఇంకేం లేవు, పొద్దున రొట్టె ఒక్కటే, నా చేత్తోనే. కానీ ఇప్పుడు రొట్టె అంటేనే పారిపోతోంది. మొన్నటిదాకా అంచుల కోసం పోట్లాడిన పిల్ల. గొంతులో గరగరలాడుతోందంటుంది, నాలిక మీద చీమలు పాకుతున్నాయంటుంది. మారాం చేస్తోందని నాకు అర్థమవుతూనే ఉంది. 'అమ్మ కోసం ఒక్క ముక్క' అంటాను. నీ పేరెత్తితే కళ్ళు మూసుకుని నమిలేస్తుంది. చిక్కింది కొంచెం. స్టూలు మీద ఇదివరకంత సేపు నిలబడటం లేదు, కూర్చుంటోంది. ముసలమ్మ తాగిందా అని మాత్రం అడక్కుండా ఉండదు.

ముసలమ్మ మళ్ళీ పుంజుకుంది. ఇప్పుడు రెండు గిన్నెల పాలు పోస్తున్నాను, నీళ్ళు బొత్తిగా మానేశాను. జాడీ నిండా నురగ. అడిగిన పొట్లం ఇందులో పెట్టాను. గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టు, మెల్లిగా కళ్ళు తెరుస్తుంది. తర్వాత సంగతి నీకు తెలిసిందే.

శుక్రవారం పుట్టినరోజు. పెనం తోమి ఉంచాను. నువ్వన్నట్టే పలచగా, మెత్తగా పోస్తాను. నాన్న చేసినట్టు అంచు మీద పేరు కూడా రాస్తాను చూడు.

అన్నయ్య


దీవి, రేవు మెట్లు
బుధవారం

అన్నయ్యా,

ముసలమ్మలో పాలున్నాయి.

ఈ ఉత్తరం నీకు సమయానికి అందదని తెలిసే రాస్తున్నాను. పడవ నిన్ననే వెళ్ళిపోయింది. మళ్ళీ వచ్చేది మంగళవారం. శుక్రవారం ఈలోపే వస్తుంది.

పొద్దున వంటమనిషికి పొట్లం ఇచ్చాను. నానబెట్టి, కళ్ళజోడు తుడుచుకుని, 'ఇప్పుడు దీనికి తిండేం పెట్టాలమ్మా' అని అడిగాడు. నేను బూట్లు తొడుక్కుంటూ, 'పిండి, పాలు' అన్నాను. అలవాటుగా అనేశాను. ఆయన సరేనని వెళ్ళిపోయాడు. నా రెండో బూటు చేతిలోనే ఉండిపోయింది.

నువ్వు ప్రతి ఉత్తరంలోనూ రాశావు. గిన్నెడు పోస్తున్నానన్నావు, ఎక్కువ పోస్తున్నానన్నావు, రెండు గిన్నెలన్నావు. నేను ప్రతిసారీ చదివాను, నవ్వుకున్నాను, ముద్దులు కూడా పంపాను. పాలు ఆవిడ తాగుతుందనుకున్నాం. ఆవిడ మన ఇంట్లో మనిషి అనుకున్నాం. మనం చేసే రొట్టెలో ఆవిడొక వస్తువని మనకి ఎప్పుడూ తోచలేదు. డాక్టరు అడిగితే నువ్వు పిండి, నీళ్ళు, ఉప్పు అన్నావు. నన్నడిగినా నేనూ అదే అనేదాన్ని.

పళ్ళు మాన్పించింది నేను. రొట్టె ఒక్కటే పెట్టమంది నేను. జాడీలోంచి నేరుగా తీసి పెనం మీద పొయ్యమన్నది కూడా నేనే. బాగా కాలిన రొట్టెలో గుప్పెడుకే అంత పేలింది. పచ్చిపచ్చిగా రెండు గరిటెలంటే ఏమవుతుందో నాకు రాయటానికి చేయి రావటం లేదు.

ఇంజినీరు దగ్గర వైర్‌లెస్ ఉంది. అది పడవవాళ్ళతో మాట్లాడటానికే. పడవ దూరం వెళ్ళిపోయింది, గరగర తప్ప మాట రావటం లేదు. పొద్దుట్నుంచీ దాని దగ్గరే కూర్చుంటే ఆయన నన్ను బయటికి పంపించేశాడు. టవర్ ఇంకా సగమే లేచింది. మేస్త్రీ వద్దంటున్నా ఎక్కాను. అక్కణ్ణించి నీ ఒడ్డు కనిపిస్తుందేమోనని. నీళ్ళే కనిపించాయి.

వదినతో ఏం చెప్పాలో తెలియటం లేదు. సూది ఎక్కడుందో చూసుకోమని చెప్పు. చెప్పు అని రాస్తున్నాను చూడు, నువ్వు వింటున్నట్టు.

ఇక్కడ రేవు మెట్ల మీద కూర్చుంటాను. ఏదైనా పడవ, చేపలదైనా, ఇటు వస్తే ఇది ఇచ్చి పంపుతాను.


ఆసుపత్రి, పిల్లల వార్డు బయట బెంచీ
ఆదివారం

చెల్లాయికి,

ముందు ఇది చదువు. బతికి ఉంది.

శుక్రవారం పొద్దున కొత్త గౌను తొడుక్కుని బల్ల దగ్గర కూర్చుంది. నేను నువ్వన్నట్టే పోశాను, పలచగా, మధ్యలో మెత్తగా. పళ్ళెంలో పెట్టాను. ముక్క తుంచి నోటి దాకా తీసుకెళ్ళి ఆగింది. 'మావయ్యా, ముసలమ్మ పాలు తాగింది కదా. ఆ పాలు ఎక్కడికెళ్ళాయి?' అని అడిగింది.

నేను నవ్వాను. 'ముసలమ్మ పొట్టలోకి' అన్నాను.

'నేను ముసలమ్మని తింటే?' అంది.

బయట బన్నుల కోసం జనం నిలబడ్డారు. 'ఇది అమ్మ పంపింది, చల్లారిపోతుంది, తిను' అన్నాను. నీ పేరు చెప్పాక అది ఇంక ఏమీ అడగలేదు. తింది. కళ్ళు మూసుకుని మొత్తం తింది చెల్లాయ్. నేను జనం వైపు తిరిగి, మళ్ళీ ఇటు తిరిగేసరికి కుర్చీలో లేదు. కిందుంది. మొహం ఎవరిదో అన్నట్టుంది. దాని ప్రశ్నకి జవాబు నాకు అప్పుడు తెలిసింది.

నేను నిలబడిపోయాను. మీ వదిన వసారాలోంచి వచ్చింది. మెడలో టేపు, చేతిలో సూది. గౌను మీంచే తొడలోకి గుచ్చేసి, పిల్లని భుజానేసుకుని వీధిలో పరిగెత్తింది. ఆ సూదిమందుని అది నీ ఉత్తరం చదివిన రోజు నుంచీ సొరుగులో కాదు, రవికెలో పెట్టుకు తిరుగుతోందట. నాకూ చెప్పలేదు. నువ్వు అనుమానించిన చేతులవి. అనుమానించొద్దని నేను నీకు చెప్పని చేతులు కూడా.

నిన్న ఇంటికెళ్ళి జాడీ పారబోశాను. కాలువలోకి పోతూ కూడా నురగ కక్కింది. కంచే చేను మేసిందంటారు చూడు, మన కంచెకి మనమే రోజూ తిండి పెట్టాం. కొట్టు మూసేశాను.

ఊపిరి బాగానే ఆడుతోంది. వాపు తీసింది. డాక్టర్లు గండం గడిచిందంటున్నారు. వాళ్ళ మందుకి అందని సంగతి ఒకటుంది. అది తినటం లేదు. అరటిపండు ఒలిచి ఇచ్చాను. 'ఇది ఏం తాగింది మావయ్యా?' అంది. నీళ్ళు తాగిందన్నాను. 'ఆ నీళ్ళు ఏం తాగాయి?' అంది. మీ వదిన ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ముందు తను తిని చూపించింది. పిల్ల అత్త నోటి వంకే చూస్తూ, 'అత్తయ్య ఏం తాగింది?' అంది. ఏడవటం లేదు, మారాం చెయ్యటం లేదు. మెల్లిగా అడుగుతుంది, మనం జవాబు చెప్పేదాకా ఆగుతుంది, మళ్ళీ అడుగుతుంది. మూడో రోజు ఇది. ఇలాగే ఉంటే ముక్కులోంచి గొట్టం వేస్తామంటున్నారు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఇది అడక్కుండా అమ్మ చేతిదైనా తినదు. అమ్మ పంపిందని ఇంకోసారి చెప్పే ధైర్యం నాకు లేదు.

ఈ ఉత్తరం తెచ్చిన పడవలోనే ఎక్కి వచ్చెయ్. నువ్వు ముద్ద కలిపి పెడితే, దాని వంక చూసి, నీ చేతి వంక చూసి, నిన్నూ అడుగుతుంది. ఏం చెప్తావో దార్లో ఆలోచించుకుని రా. నాకైతే తెలియటం లేదు.

అన్నయ్య